వంచి ఆడే ఆటకు ఎన్ని స్టార్లు?

డూడుల్ జంప్ ఎలా ఆడాలో ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదు. గళ్ల కాగితం మీద గీసినట్టుండే నాలుగు కాళ్ల జీవి ఒకటి, మూతి ముందుకు పొడుచుకొచ్చి, దానంతట అదే పైకి ఎగురుతూ ఉంటుంది. ఫోన్ కుడికి వంచితే కుడికి, ఎడమకు వంచితే ఎడమకు జరుగుతుంది. ఆకుపచ్చ పలక మీద పడితే మళ్లీ ఎగురుతుంది. పలక తప్పితే కింద పడి ఆట అయిపోతుంది. ఎదురొచ్చే రాక్షసులను కాల్చాలంటే స్క్రీన్ మీద ఒక్క నొక్కు. క్రొయేషియాకు చెందిన అన్నదమ్ములు ఇగోర్, మార్కో పుషెన్యాక్ తమ లీమా స్కై కంపెనీ పేరుతో 2009లో దీన్ని ఐఫోన్‌కు తెచ్చారు. అప్పటి ధర 99 సెంట్లు.

ఇంత సింపుల్ ఆట మీద అందరిదీ దాదాపు ఒకే మాట అయి ఉండాలి. అలా ఉండదు. ఫోన్ వంచి ఆడే ఆటల రివ్యూలు చదవడం నాకు చాలాకాలంగా అలవాటు. ఆట ఆడటం ఎంత ఇష్టమో, ఆడినవాళ్లు ఏమన్నారో చదవడమూ అంతే ఇష్టం. ఒకరు కంట్రోల్స్ అద్భుతం, మనసులో అనుకుంటే చాలు బొమ్మ జరుగుతోంది అని రాస్తారు. దాని కిందే ఇంకొకరు ఇంత చెత్త కంట్రోల్స్ ఎక్కడా చూడలేదు, ఎటు వంచితే అటు పోవడం లేదు అని ఒక స్టార్ పెట్టి వెళ్లిపోతారు. మూడో మనిషి నిన్నటిదాకా బాగానే ఉండేది, ఈరోజు ఉల్టా తిరుగుతోంది అంటారు. పజిల్స్, కథ ఉన్న పెద్ద ఆటల మీద అభిప్రాయాలు వేరుపడితే అది రుచి తేడా అనుకోవచ్చు. ఇక్కడ తేడా రుచిలో లేదు. కుడికి వంచితే కుడికి వెళ్లిందా లేదా అన్న మామూలు సంగతి దగ్గరే మాట కలవడం లేదు.

వీళ్లంతా నిజమే చెబుతున్నారని నా వాదన. ఎవరి చేతికి వచ్చిన ఆట వాళ్లది. వంచి ఆడే ఆటలో సగమే ఫోన్‌లో ఉంటుంది. మిగతా సగం ఆడేవాళ్ల మణికట్టులో, కూర్చున్న కుర్చీలో, పడుకున్న మంచంలో, ఎక్కిన బస్సులో ఉంటుంది. ఆ సగాన్ని లెక్కలోకి తీసుకోకుండా కంట్రోల్స్ బాగున్నాయి, బాగాలేవు అని తీర్పు చెప్పలేం. అలాగని తప్పంతా ఆడేవాళ్ల మీదకు నెట్టేయడానికీ లేదు. ఆ రెండో సగం కూడా ఆట తయారుచేసేవాళ్ల బాధ్యతే.

ముందు ఫోన్ లోపల ఏం జరుగుతోందో చూద్దాం. వంపును కొలిచేది యాక్సిలరోమీటర్ అనే చిన్న చిప్. దాని లోపల సిలికాన్‌తోనే చేసిన అతి సన్నని స్ప్రింగుల మీద అతి చిన్న బరువు ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఫోన్ వంగితే గురుత్వాకర్షణకు ఆ బరువు ఒక వైపు జరుగుతుంది. పక్కనున్న పలకలకూ దానికీ మధ్య దూరం మారి, అక్కడ నిలవ ఉండే విద్యుత్తు మారుతుంది. ఆ మార్పును చిప్ అంకెగా చెబుతుంది. మూడు దిక్కులకు మూడు అంకెలు. స్క్రీన్‌కు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, స్క్రీన్‌లోంచి బయటికి ఒకటి. ఫోన్ బల్ల మీద వెల్లకిలా ఉంటే అడ్డం అంకె సున్నా. పూర్తిగా పక్కకు నిలబెడితే 9.8, అంటే గురుత్వాకర్షణ మొత్తం. డూడుల్ జంప్ లాంటి ఆటకు ఈ అడ్డం అంకె ఒక్కటి చాలు.

2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌లో ఈ చిప్ పెట్టింది ఆటల కోసం కాదు, ఫోన్ తిప్పితే బొమ్మ కూడా తిరగాలని. 2008 జులైలో యాప్ స్టోర్ తెరిచాక దాన్ని అందరికంటే బాగా వాడుకున్నది ఆటలవాళ్లు. స్వీడన్‌లోని ఇల్యూజన్ ల్యాబ్స్ తెచ్చిన లాబిరింత్ అప్పటిదే. చెక్క పెట్టెలో ఉక్కు గోళీని బెజ్జాల్లో పడకుండా దొర్లించే ఆటను అదే దేశానికి చెందిన బ్రియో కంపెనీ 1946లోనే అమ్మకానికి పెట్టింది. ఫోన్‌లో ఆ గోళీని చూసినవాళ్లకు నేర్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. గోళీ ఎటు దొర్లాలో మన ఒంటికి ముందే తెలుసు.

ఇక ఉల్టా తిరిగే సంగతి. విశాఖ నుంచి హైదరాబాద్ వచ్చే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్త్ దొరికినవాళ్లకు ఇది అర్థమవుతుంది. పై బెర్త్‌లో నిటారుగా కూర్చోలేం. వెల్లకిలా పడుకుని ఫోన్‌ను మొహం పైన పట్టుకోవాలి. అలా ఆడుతున్నప్పుడు నా బొమ్మ కుడికి వంచితే ఎడమకు, ఎడమకు వంచితే కుడికి పోయింది. కిందికి దిగి కూర్చుని ఆడితే మళ్లీ మామూలే. దానికి కారణం చాలా సూటిగా ఉంటుంది. నా మణికట్టు చేసిన పని రెండు చోట్లా ఒకటే: ఫోన్ కుడి అంచును నా మొహం నుంచి దూరంగా తిప్పడం. కూర్చుని ఒడిలో పట్టుకున్నప్పుడు అలా తిప్పితే కుడి అంచు నేల వైపు దిగుతుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు అలాగే తిప్పితే కుడి అంచు పైకప్పు వైపు లేస్తుంది. చిప్‌కు మొహం ఎక్కడుందో తెలియదు, నేల ఎటుందో మాత్రమే తెలుసు. అందుకని ఉల్టా అంకె ఇస్తుంది. ఆట దాన్ని నమ్ముతుంది.

పక్కకు తిరిగి పడుకుంటే ఇంకా ఘోరం. ఫోన్‌ను మొహానికి సమంగా పట్టుకుంటే అడ్డం అంకె మొత్తం 9.8కి చేరి కూర్చుంటుంది. బొమ్మ ఒకే వైపు పరిగెడుతూనే ఉంటుంది. నిటారుగా కూర్చుని ఫోన్‌ను కళ్లెదురుగా నిలువుగా పట్టుకున్నవాళ్లకు మరో ఇబ్బంది. తలుపు తెరిచినట్టు ఫోన్‌ను నిలువు గీత చుట్టూ ఎంత తిప్పినా అడ్డం అంకె మారదు, నేల దిక్కు మారలేదు కాబట్టి. స్టీరింగ్‌లా తిప్పితేనే మారుతుంది. ఎంత తిప్పినా కదలడం లేదని ఫిర్యాదు చేసినవాళ్లలో ఇలా పట్టుకున్నవాళ్లు ఉంటారని నాకు గట్టి నమ్మకం. వాళ్లు అబద్ధం రాయలేదు, ఆటలో బగ్ కూడా లేదు. ఆట తయారైన చోట ఎవరో కుర్చీలో కూర్చుని, ఫోన్ కాస్త వాల్చి పట్టుకుని పరీక్షించి ఉంటారు. మన దగ్గర ఫోన్‌లో ఆట ఆడేది ఎక్కువగా ఎప్పుడు? రాత్రి అన్నం తిన్నాక, మంచం మీద.

బస్సు సంగతి మరీ ఆసక్తికరం. అరకు ఘాట్ రోడ్డులో బస్సు ఎడమకు తిరిగితే మనం కుడివైపున్న మనిషి మీద పడతాం. చిప్‌లోని బుల్లి బరువు కూడా అలాగే పడుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో 35 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తిరిగారనుకోండి. పక్కకు తోసే త్వరణం అదే 9.8 లెక్కలో దాదాపు 2, అంటే గురుత్వాకర్షణలో ఐదో వంతు. ఫోన్‌ను కదలకుండా పట్టుకున్నా సరే, సుమారు 11 డిగ్రీలు వంచినట్టే ఆటకు కనిపిస్తుంది. ఆట ఆడేవాళ్లకు 11 డిగ్రీలంటే తక్కువేం కాదు, బొమ్మ పలక దాటి అవతల పడుతుంది. నేల లాగుతోందా, బండి తోస్తోందా అన్న తేడా ఆ చిప్‌కు తెలిసే దారే లేదు. 1907లో ఐన్‌స్టీన్ ఆలోచన కూడా ఇక్కడే మొదలైంది: మూసిన పెట్టెలో ఉన్న మనిషికి గురుత్వాకర్షణకూ త్వరణానికీ తేడా తెలియదు. ఘాట్ రోడ్డు మీద ఒక స్టార్ ఇచ్చిన ప్రయాణికుడి ఫిర్యాదు వెనక ఇంత పెద్ద భౌతికశాస్త్రం ఉంది. అందుకే ఆ ఫిర్యాదును తేలిగ్గా కొట్టిపారేస్తే నాకు బాధగా ఉంటుంది.

2010లో ఐఫోన్ 4తో ఫోన్లలోకి గైరోస్కోప్ వచ్చాక ఎంత వేగంగా తిప్పామన్నదీ విడిగా తెలుస్తోంది. రెండూ కలిపి చదివితే కుదుపులను కొంత వేరు చేయొచ్చు. కానీ ఆండ్రాయిడ్‌లో చవక ఫోన్లు చాలావాటిలో గైరోస్కోప్ ఉండదు. అంటే అదే ఆట, అదే బస్సు, పక్కపక్క సీట్లు, రెండు రకాల ఫోన్లు, రెండు రకాల అభిప్రాయాలు.

ట్యాబ్లెట్లలో ఇంకో గొడవ ఉండేది. ఆండ్రాయిడ్‌లో ఈ దిక్కుల లెక్క ఆ పరికరం సహజంగా ఎలా నిలబడుతుందో దాన్ని బట్టి ఉంటుంది. ఫోన్ నిలువు, ట్యాబ్లెట్ చాలాసార్లు అడ్డం. ఫోన్ ఒక్కటే మనసులో పెట్టుకుని రాసిన ఆట ట్యాబ్లెట్‌లో తెరిస్తే అడ్డం అంకె, నిలువు అంకె తారుమారు. కుడికి వంచితే బొమ్మ కదలదు, ముందుకు వంచితే పక్కకు పోతుంది. అలాంటప్పుడు ఆట పూర్తిగా పాడైపోయింది అని రాసినవాళ్లు అక్షరాలా సరిగ్గానే రాశారు. గూగుల్ కూడా 2022 నుంచి ట్యాబ్లెట్‌లో చూసేవాళ్లకు ట్యాబ్లెట్ రేటింగ్, ఫోన్‌లో చూసేవాళ్లకు ఫోన్ రేటింగ్ వేరుగా చూపించడం మొదలుపెట్టింది. పరికరం మారితే అభిప్రాయం మారుతుందని స్టోర్‌వాళ్లే ఒప్పుకున్నట్టు. మంచమా, కుర్చీయా అన్నది మాత్రం ఏ స్టోరూ అడగదు.

ఈ సమస్య ఫోన్లతోనే పుట్టలేదు కూడా. 2000లో జపాన్‌లో గేమ్‌బాయ్ కలర్ అనే చేతిలో పట్టుకుని ఆడే పరికరం కోసం నింటెండో కిర్బీ అనే పాత్రతో ఒక ఆట తెచ్చింది. అందులో వంపు కొలిచే సెన్సర్ క్యాట్రిడ్జ్‌లోనే, అంటే పరికరంలో దూర్చే ఆట డబ్బీలోనే ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీలో క్యాట్రిడ్జ్ కింది వైపు దూర్చాలి. దాంతో దిక్కులు తిరగబడ్డాయి.

చిన్న చిన్న చికాకులు కూడా ఉన్నాయి, వాటిని ఎవరూ పట్టించుకోరు గానీ స్టార్లు అక్కడే రాలిపోతాయి. వంచి ఆడేటప్పుడు స్క్రీన్‌ను తాకం కదా, ఫోన్ మనం వెళ్లిపోయామనుకుని స్క్రీన్ ఆర్పేస్తుంది. హై స్కోర్ దాటబోతున్న క్షణంలో చీకటి! దాన్ని ఆపడానికి ఒక్క లైన్ కోడ్ చాలు. అది మర్చిపోయిన ఆటలకు ఏ రేటింగ్ వచ్చినా నాకు జాలి లేదు. ఆట మధ్యలో స్క్రీన్ అడ్డంగా తిరిగిపోవడం ఇంకొకటి. పాత చవక ఫోన్లలో ఎల్‌సీడీ తెరలను పక్కకు వంచితే రంగులు వెలిసిపోయి అసలు పలక ఎక్కడుందో కనిపించేది కాదు. ఆట వంచమంటుంది, తెర వంచొద్దంటుంది. ఖరీదైన ఫోన్ ఉన్నవాళ్లకు ఈ బాధ ఉందని కూడా తెలియదు.

ఇందులో ఏముంది, ఎగరడమే కదా అనే విమర్శను మాత్రం నేను ఒప్పుకోను. డూడుల్ జంప్‌ను తయారుచేసినవాళ్లు వంపు అనే సాధనం బలహీనత తెలిసి ఆటను గీశారు. చేతి వంపు ఎప్పుడూ కచ్చితంగా ఉండదు, ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది. కాబట్టి పలకలు వెడల్పుగా పెట్టారు. స్క్రీన్ కుడి అంచు దాటిపోయిన బొమ్మ ఎడమ అంచులోంచి తిరిగి వస్తుంది. ఎక్కువ వంచినందుకు చావు లేదు, తిరిగి రావడమే. ఎగరడం దానంతట అదే జరుగుతుంది కాబట్టి మనకు మిగిలింది ఒక్క నిర్ణయం. ఇవన్నీ కావాలని పెట్టిన సౌకర్యాలు. పక్కన గీత మీద వేరేవాళ్ల స్కోర్లు పేర్లతో సహా రాసి ఉంటాయి, ఆ పేరు దాటాలన్న పట్టుదలతోనే మరో ఆట మొదలవుతుంది. 2011లో వచ్చిన టెంపుల్ రన్ కూడా ఇదే తెలివి చూపించింది. మలుపు తిరగడం, దూకడం, కిందికి జారడం వేలితో చేయాలి. దారిలో ఒక పక్కకు ఒరిగి నాణేలు ఏరుకోవడం మాత్రం ఫోన్ వంచి. చిటికెలో తేల్చాల్సిన పనులు వేలికి, మెల్లగా సర్దుకునే పని మణికట్టుకు. సింపుల్ ఆట అంటే ఆలోచించకుండా చేసిన ఆట అని ఎవరైనా అంటే ఈ రెండు ఆటలూ చూపిస్తాను.

మరి మంచి తయారీదారు చేయాల్సింది ఏమిటి? మొదటిది, ఆట మొదలైన క్షణంలో ఫోన్ ఎలా ఉందో అదే నడిమి స్థానం అని గుర్తుపెట్టుకోవడం. కాలిబ్రేట్ అనే బటన్ ఇదే చేస్తుంది. అది సెట్టింగ్స్‌లో మూడో పేజీలో కాకుండా, ఆట ఆపినప్పుడు కళ్ల ముందు కనపడాలి. ఎందుకంటే మనిషి ఆట మధ్యలో కూడా కుర్చీలో జారతాడు, దిండు సర్దుకుంటాడు. రెండోది, వెల్లకిలా పడుకుని పట్టుకున్నారని మూడో అంకె చెబుతూనే ఉంటుంది. స్క్రీన్ నేల వైపు చూస్తోందంటే ఆడే మనిషి కింద ఉన్నాడని అర్థం. అప్పుడు దిక్కు మార్చడం పెద్ద పనేం కాదు. మూడోది సెన్సిటివిటీ, అంటే చేతి కదలికకు బొమ్మ ఎంత చురుగ్గా స్పందించాలన్నది. ఇది కొంచెం విప్పి చెప్పాలి.

చిప్ ఇచ్చే అంకె ఎప్పుడూ సన్నగా వణుకుతూ ఉంటుంది. ఉన్నదున్నట్టు వాడితే బొమ్మ కూడా వణుకుతుంది. అందుకని ఆటలు గత కొన్ని అంకెల సగటు తీస్తాయి. సగటు ఎంత ఎక్కువ తీస్తే బొమ్మ అంత నిదానంగా, సాఫీగా కదులుతుంది. కానీ అంత ఆలస్యమూ అవుతుంది. ఆటగాళ్లు ల్యాగ్ అని తిట్టేది చాలాసార్లు ఈ సగటునే. ల్యాగ్ లేకుండా చేయమని ఒకరు, వణుకు లేకుండా చేయమని ఇంకొకరు రాస్తారు, ఒకరికి ఇచ్చేది ఇంకొకరి దగ్గర తీసుకోవాల్సిందే. అందరికీ నప్పే ఒకే అంకె లేదు. ఆడేవాళ్ల చేతికి ఆ మీట ఇవ్వడం తప్ప దారి లేదు.

ఆ మీట విలువ నాకు తెలిసింది మా నాన్నగారి వల్ల. వయసుతో ఆయన చేతులు వణుకుతాయి. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటారు. మా అబ్బాయి వంచి ఆడే కార్ల ఆట ఒకటి తెచ్చి, "తాతయ్యా, నువ్వొకసారి ఆడు" అని చేతిలో పెట్టాడు. కారు రోడ్డు మీద నిలవలేదు. ఆయన నవ్వి ఫోన్ తిరిగి ఇచ్చేశారు, "నా వల్ల కాదు లేరా" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. ఆయన జీవితమంతా లారీ నడిపిన మనిషి. ఆ ఆటలో సెట్టింగులు వెతికితే శబ్దం తగ్గించడం తప్ప ఏమీ లేదు. తర్వాత ఇంకో ఆటలో సెన్సిటివిటీ పట్టీ దొరికింది. దాన్ని బాగా కిందికి జరిపి, మోచేతులు బల్ల మీద ఆనించుకోమన్నాం. కారు నిలబడింది. మనవడిని ఓడించడానికి ఆయనకు ఆట్టే కాలం పట్టలేదు. మొదటి ఆటకు ఆయన చేత రివ్యూ రాయిస్తే ఏమని రాసేవారు? చేతకాలేదు అని తన మీదే వేసుకునేవారు. అలా తమ మీదే వేసుకుని, ఏమీ రాయకుండా ఆట తీసేసినవాళ్ల అభిప్రాయం ఏ రేటింగ్‌లోనూ కనపడదు. నా దృష్టిలో అన్నిటికంటే విలువైన అభిప్రాయం అదే.

టచ్ బటన్లు కూడా పెట్టండి అని అడిగేవాళ్లను కొందరు వీరాభిమానులు వెక్కిరించడం చూస్తుంటాను. వంచడమే ఈ ఆట అందం, అది చేతకాకపోతే వేరే ఆట చూసుకోమంటారు. వంచడంలో అందం ఉందని నేనూ అంటాను. బొటనవేలు స్క్రీన్‌ను కప్పేయదు, కొంచెం వంచితే కొంచెం, ఎక్కువ వంచితే ఎక్కువ కదిలే ఆ సొంపు బటన్‌కు రాదు. టెంపుల్ రన్ ఆడే పిల్లలు ఫోన్‌తో పాటు తామూ ఒరిగిపోవడం చూసినవాళ్లకు ఆ సంగతి చెప్పనక్కర్లేదు. కానీ ఒంటిచేత్తో ఆడేవాళ్లున్నారు. చక్రాల కుర్చీకి ఫోన్ బిగించుకుని వాడేవాళ్లున్నారు, వాళ్లు దాన్ని వంచలేరు. 2018లో వెలువడిన వెబ్ కంటెంట్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు 2.1లో దీనికి ఒక నియమమే ఉంది: పరికరాన్ని కదిలించి చేసే ఏ పనినైనా స్క్రీన్ మీది బటన్లతోనూ చేసే వీలుండాలి, కదలికకు స్పందించడాన్ని ఆపేసే వీలూ ఉండాలి. కదలికే ప్రాణమైన పనికి మినహాయింపు ఇచ్చారు. వెబ్ కోసం రాసిన నియమమే అయినా దాని వెనక ఉన్న న్యాయం ఆటలకూ వర్తిస్తుంది. ఆ మినహాయింపు చాటున దాక్కోవడం తయారీదారులకు సులువే. కానీ బటన్లు అదనంగా పెట్టినంత మాత్రాన వంచి ఆడేవాళ్ల ఆనందం ఒక్క పిసరు తగ్గదు.

అందుకే వంచి ఆడే ఆటల సగటు రేటింగ్ చూసి నేను ఏదీ తేల్చుకోను. 4.2 అంటే దాదాపు అందరికీ బాగుందనుకుంటాం. చాలామందికి ఐదు, మంచం మీద ఆడినవాళ్లకు ఒకటి వచ్చినా సగటు అంతే అవుతుంది. ఒక స్టార్ ఇచ్చినవాటినే తెరిచి చదువుతాను. పడుకుని, బస్సులో, ట్యాబ్‌లో, పాత ఫోన్‌లో అన్న మాటలు కనపడతాయేమో వెతుకుతాను. నేను ఆడేది రాత్రిపూట మంచం మీదే కాబట్టి నాకు పనికొచ్చే రివ్యూ అదే. తయారీదారు ఇచ్చిన జవాబులు కూడా చూస్తాను. ఫోన్ సరిగ్గా పట్టుకోండి అని జవాబిచ్చినవాళ్ల ఆట దించుకోను. ఎలా పట్టుకుని ఆడుతున్నారు అని తిరిగి అడిగినవాళ్లు అరుదుగా దొరుకుతారు. వాళ్ల ఆటకు డబ్బులు పెట్టడానికి కూడా నేను వెనకాడను.

రాసేటప్పుడు మీరూ ఒక్క వాక్యం ఎక్కువ రాయండి. ఫోన్ మోడల్ ఏది, కూర్చుని ఆడారా పడుకుని ఆడారా, ఎటు వంచితే ఎటు పోయింది. తెలుగులో రాసినా పర్వాలేదు, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసినా పర్వాలేదు. చెత్త గేమ్ అన్న రెండు మాటలతో కోడ్ రాసే మనిషి ఏమీ సరిచేయలేడు. వెల్లకిలా పడుకుంటే ఉల్టా పోతోంది అని రాస్తే ఆ సాయంత్రమే సరిచేయగలడు.